లేని ఐదో జట్టు

ఆమెను టెర్మినల్లో అందరూ చార్టమ్మ అంటారు. ఎదురుగా ఉంటే మేడమ్, వెనక్కి తిరిగితే చార్టమ్మ. మొదట్లో ఆ పేరు చెవిన పడితే మొహం మాడ్చుకునేది. పోనుపోను ఆ పేరే ఖాయమైపోయి, ఫోనెత్తి "ఆఁ, చార్టమ్మనే, చెప్పండి" అనడం దాకా వచ్చింది.

సముద్రం ఒడ్డున ఉన్న ఆ టెర్మినల్‌కు ఎల్‌ఎన్‌జీ ఓడలు వస్తాయి. ఎక్కడో దూరదేశంలో గ్యాసును మైనస్ నూట అరవై రెండు డిగ్రీల చలిలో ద్రవంగా మార్చి ఓడలో నింపి పంపిస్తే, ఇక్కడ ఓడను కట్టేసే జెట్టీ మీద దించుకుని, ట్యాంకుల్లో పోసి, మళ్లీ వేడి తగిలించి గ్యాసుగా మార్చి గొట్టాల్లోకి వదులుతారు. ఊరి కరెంటూ, ఫ్యాక్టరీల పొయ్యిలూ దాని మీదే నడుస్తాయి. పండగైనా పబ్బమైనా, ఎండైనా వానైనా ఆగడానికి లేదు. ఆగకూడదంటే మనుషులు ఉండాలి. ఏ రోజు ఏ షిఫ్టులో ఎవరుండాలో చార్టు వేసేది చార్టమ్మ.

పదిహేడేళ్ల కిందట, మొదటి ట్యాంకు ఇంకా గుండ్రటి గొయ్యిగా ఉన్నప్పుడు ఆమె టైపిస్టుగా చేరింది. అప్పుడు చార్టు వేసే ఆయన ఒకరోజు ఒంట్లో బాగాలేదని సెలవు పెట్టి వెళ్లి మరి తిరిగి రాలేదు. ఆయన సొరుగులో రంగు పెన్సిళ్లు ఒక డబ్బా, తలనొప్పి మాత్రలు మూడు పట్టీలు దొరికాయి. "ఆయన వచ్చేదాకా మీరు చూడండి" అన్నారు. అలా చూస్తూనే ఉంది.

పెళ్లి కూడా ఆ చార్టు పుణ్యమే. కంట్రోల్ రూమ్‌లో ఒక సన్నటి కుర్రాడు వారానికి రెండుసార్లు షిఫ్టు మార్చుకోవాలని వచ్చేవాడు. కాగితం ఇచ్చి, ఆమె టైపు కొట్టేదాకా కుర్చీ పక్కన నిలబడేవాడు. ఆరు నెలలయ్యాక ఒకరోజు ఆమెకే విసుగొచ్చింది. "అసలు మీకు ఏ షిఫ్టు కావాలో తేల్చుకోండి" అంది. "మీరు ఆఫీసులో ఉండే షిఫ్టు" అన్నాడతను. ఆ మాట మీదే పెళ్లయింది. ఇప్పుడతను జెట్టీ ఆపరేటరు, ఓడ నుంచి సరుకు దించడానికి లైసెన్సు ఉన్న కొద్దిమందిలో ఒకడు. వాళ్లకు ఒక కూతురు, ఎనిమిదో తరగతి. మీ నాన్న ఏం చేస్తారని బళ్లో అడిగితే "నిద్రపోతారు" అని చెప్పి వచ్చిన పిల్ల.

ఆ పిల్ల అబద్ధమేం చెప్పలేదు. అయిదు జట్లు ఉండాల్సిన చోట నాలుగే ఉన్నాయి. నాలుగు జట్ల మనుషులు అయిదు జట్ల పని చేసి, ఇంటికొచ్చి పడుకుంటారు. అయిదో జట్టు చార్టులో ఒక వరుసగా మాత్రం ఎప్పుడూ ఉంటుంది. పై ఆఫీసు వాళ్లు ఆ వరుస తీసేయొద్దన్నారు. "భర్తీ ప్రక్రియలో ఉంది" అని రాయమన్నారు. ఆరేళ్లుగా అదే మాట రాస్తోంది.

*

ఒక బుధవారం పొద్దున పదకొండింటికి అందరినీ క్యాంటీన్‌లోకి పిలిచారు. టెర్మినల్ మేనేజరు గోడ మీద బొమ్మలు చూపించాడు. ప్రపంచమంతా గ్యాసుకు గిరాకీ పెరుగుతోందట. కొత్త ఓడలు వందల్లో తయారవుతున్నాయట. మన దగ్గర మూడో ట్యాంకు, రెండో జెట్టీ వస్తాయి. నెలకు ఆరు ఓడలు దించేవాళ్లం పదకొండు దించుతాం. అందరూ చప్పట్లు కొట్టారు.

చార్టమ్మ చప్పట్లు కొట్టేవాళ్లను లెక్కపెట్టింది. ముప్పై ఎనిమిది మంది. అందులో పద్నాలుగు మంది ఆ వేళకు ఇంటి దగ్గర పడుకుని ఉండాల్సినవాళ్లు.

సభ ముగిశాక ఆమె మేనేజరు గదికి వెళ్లింది.

"సార్, పదకొండు ఓడలన్నారు. మనుషుల సంగతి చెప్పలేదు."

"వస్తారమ్మా, ట్యాంకు కట్టడానికి మూడేళ్లు పడుతుంది కదా."

"జెట్టీ లైసెన్సు చేతికి రావడానికి రెండేళ్లు పడుతుంది సార్. ఇవాళ తీసుకుంటే అప్పటికి అందుతారు. ఒక ఓడకు షిఫ్టుకు ముగ్గురు చొప్పున రెండు షిఫ్టులకు ఆరుగురు కావాలి. మనకు ఉన్నది ఏడుగురు. ఒక్కడికి జ్వరమొస్తే సరిపోతారు, ఇద్దరికొస్తే ఓడ సముద్రంలోనే."

"ఏడుగురితో ఇన్నాళ్లూ నడిపారుగా మీరు!"

మెచ్చుకుంటున్నాడో అంటగడుతున్నాడో ఆమెకు అర్థం కాలేదు.

"నడపలేదు సార్, ఈడ్చాను."

ఆయన నవ్వాడు. మనుషులు ఎక్కడా దొరకడం లేదనీ, ప్రపంచమంతటా ఇదే గోల అనీ, అనుభవమున్న వాడిని ఒకడిని పట్టుకునేలోపు నలుగురు ఎగరేసుకుపోతున్నారనీ చెప్పాడు. పై ఆఫీసుకు మరోసారి రాస్తానన్నాడు. ఈ మాట ఆమె విన్నది అయిదోసారో ఆరోసారో. బయటికొచ్చి మెట్ల మీద నిలబడి, "ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం" అని తనలో తనే అనుకుంది. మెట్ల కింద జెట్టీ బాబాయ్ నిలబడి ఉన్నాడు. ఆయనకు వినబడింది.

"పేరు పెట్టేశారా తల్లీ?"

"పెట్టేశారు బాబాయ్. ఉయ్యాల కూడా కొంటారట."

జెట్టీ బాబాయ్ ఆ ఏడుగురిలో పెద్దవాడు, రిటైర్మెంట్‌కు నాలుగేళ్లుంది. ఓడ గొట్టాన్ని మన గొట్టానికి కలిపే ముందు వాటిని గంటల తరబడి మెల్లమెల్లగా చల్లబరచాలి. తొందరపడితే ఇనుము చిట్లుతుంది. గొట్టం చేసే చప్పుడు వినే అది ఎంత చల్లబడిందో చెప్పేవాడాయన. ఎడమ మోకాలు అరిగిపోయింది. ఆపరేషన్ తేదీ మూడుసార్లు ఖాయమైంది, మూడుసార్లూ ఓడ వచ్చింది. మూడుసార్లూ ఫోను చేసి "ఈ ఒక్కసారికి బాబాయ్" అన్నది చార్టమ్మే.

"వచ్చే నెల పదమూడో తారీఖు రమ్మన్నారు ఆసుపత్రి వాళ్లు" అన్నాడాయన. మెట్టు ఎక్కకుండా రెయిలింగ్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. "అడగాలంటే నాకే మొహమాటంగా ఉందమ్మా."

"ఈసారి వెళ్తారు" అంది ఆమె. ఏ ధైర్యంతో అన్నదో ఆమెకే తెలియదు. గదిలోకి వెళ్లి చూసుకుంటే పద్నాలుగున ఓడ ఉంది. మిగిలిన ఆరుగురితో సరిగ్గా సరిపోతుంది. పెన్సిలుతో ఆ ఆరు పేర్లూ రాసుకుంది. మూడోది తన భర్తది.

*

ఆదివారం పొద్దున బట్టలు మెషీన్‌లో వేయబోతూ అలవాటుగా జేబులు తడిమింది. భర్త చొక్కాలో నాలుగు మడతల కాగితం దొరికింది. ఆసుపత్రి కాగితం. ఏమైంది ఈ మనిషికి, నాకు చెప్పకుండా ఆసుపత్రికి వెళ్లేంత జబ్బేమిటి అనుకుంటూ విప్పింది. ఊపిరితిత్తుల పరీక్ష, చెవుల పరీక్ష, రంగులు గుర్తుపట్టే కంటి పరీక్ష. మూడింటికీ బాగుందని రాసి ఉంది.

జబ్బు కాదని ఊపిరి పీల్చుకోబోయి ఆగిపోయింది. ఆ మూడు పరీక్షలూ కలిపి ఎవరికి చేస్తారో ఆమెకంటే బాగా తెలిసినవాళ్లు ఆ ఊళ్లో లేరు. కొత్తగా ఉద్యోగంలో చేరేవాళ్లకు చేస్తారు. ఆ ఫారాలు పంపేది తనే.

భర్త డాబా మీద తాడుకు బట్టలు ఆరేస్తున్నాడు. సెలవు రోజు పొద్దున అతను చేసే పని అదొక్కటే, తర్వాత పడుకుంటాడు. ఆమె కాగితం ముందుకు చాపింది.

"ఎక్కడ?"

అతను క్లిప్పు నోట్లో పెట్టుకుని ఉన్నాడు. తీసి తాడుకు తగిలించాడు.

"కొత్తగా కట్టారే, ఆ టెర్మినల్. విమానంలో రెండు గంటలు."

"ఎప్పట్నుంచి నడుస్తోంది ఇది?"

"రెండు నెలలు."

"రెండు నెలలు! ఒకే కంచం, ఒకే మంచం, రెండు నెలలు నోట్లోంచి మాట రాలేదా మీకు?"

"చెప్తే నువ్వు చార్టులో పెట్టాలి. పెట్టకపోతే ఆఫీసును మోసం చేసినట్టు. పెడితే నా పని ఖాయం కాకముందే అందరికీ తెలిసిపోద్ది. నిన్ను ఆ ఇరకాటంలో ఎందుకు పెట్టాలని ఊరుకున్నా."

"నేను పెళ్లాన్నండీ! చార్టమ్మకి చెప్పొద్దు, సరే. పెళ్లానికి చెప్పొచ్చుగా!"

"ఇద్దరూ ఒక్కరేగా ఇంట్లో" అన్నాడతను. వెటకారంగా కాదు, బాధగానే అన్నాడు. "నేను సెలవు కావాలంటే నువ్వేం అంటావు? మొన్న పాప బళ్లో కార్యక్రమానికి అడిగా. ఏమన్నావు?"

ఏమన్నదో ఆమెకు గుర్తుంది. ఓడుంది కదండీ అన్నది. ఇంకెవరికైనా ఇచ్చి ఉండేదేమో. మొగుడికి ఇస్తే నలుగురూ నోళ్లు నొక్కుకుంటారని అతనికి మాత్రం ఏనాడూ ఇవ్వలేదు.

"అక్కడ నాలుగు వారాలు పని, నాలుగు వారాలు ఇల్లు" అన్నాడు. "ఆ నాలుగు వారాలూ ఫోను కూడా చెయ్యరట. లెక్కేసుకో నువ్వే."

ఆమె నిజంగానే లెక్కేసింది. కిందికి వచ్చి, వంటింటి బల్ల దగ్గర కూర్చుని, పోయిన ఏడాది చార్టులు ముందేసుకుంది. అతను ఇంట్లో ఉండి, మెలకువగా ఉండి, ఆమె కూడా ఇంట్లో ఉన్న రోజులు అరవై ఒకటి. అక్కడికి వెళ్తే నూట ఎనభై. దూరం వెళ్తేనే దగ్గరగా ఉంటాడని తేలింది. ఆ లెక్క తప్పని నిరూపించాలని రెండుసార్లు కూడింది. తప్పలేదు.

అత్తగారు పక్కన కూర్చుని కూరలు తరుగుతోంది. అంతా విననట్టే విన్నది.

"వాడు వెళ్తానంటే నువ్వు ఏడవాలి గానీ, కూడికలు చేస్తావేంటే అమ్మాయ్?"

"ఏడుపుకి టైము లేదత్తయ్యా. పద్నాలుగున ఓడుంది."

ఆ మాట అన్నాక మాత్రం ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఎవరి మీదో తెలియని మంట. మొగుడి మీద అనుకుంటే అతను చేసిన తప్పేంటి? కొత్త టెర్మినల్ మీద అనుకుంటే వాళ్లూ మనుషుల కోసమే అల్లాడుతున్నారు. కొత్తవాళ్లను తయారు చేసేవాళ్లు ఎక్కడా లేరు. తయారైనవాళ్ల కోసం మాత్రం అందరూ కాచుకు కూర్చున్నారు. ఉన్న పిడికెడు మందిని ఒకరి దగ్గర్నుంచి ఒకరు లాక్కోవడమే పని. ఇటు దుప్పటి అటు లాగితే అటువాళ్లకు వెచ్చగా ఉంటుంది, ఇటువాళ్ల కాళ్లు బయటపడతాయి. దుప్పటి మాత్రం పెరగదు.

*

భర్త మంగళవారం రాజీనామా ఇచ్చాడు. ఇన్నాళ్లూ వాడుకోని సెలవులన్నీ నోటీసు గడువు కింద లెక్కేసుకుని, పదో తారీఖు నుంచే రానని రాశాడు. మధ్యాహ్నం మేనేజరు చార్టమ్మను పిలిచాడు. టీ తెప్పించాడు. టీ రాగానే ఆమెకు విషయం అర్థమైంది. ఆ గదిలో టీ వచ్చిందంటే ఏదో నెత్తిన పడబోతోందని.

"మీ ఇంటాయన కదా, మీరు ఒక మాట చెప్పకూడదూ?"

"ఏమని చెప్పమంటారు సార్?"

"ఓ ఏడాది ఆగమని. మీరు చెప్తే వింటారు."

"ఏడాది ఆగితే ఏం మారుతుంది సార్? అది చెప్పండి, ఆ మాటే ఇంటికెళ్లి చెప్తాను."

మేనేజరు చార్టు ముందుకు లాక్కున్నాడు. పద్నాలుగో తారీఖు ఓడకు జెట్టీ బాబాయ్‌ను వేయమన్నాడు, మోకాలు పారిపోదు కదా అన్నాడు.

అప్పటిదాకా ఆమె గొంతు పెంచలేదు. పదిహేడేళ్లలో ఆ గదిలో ఎన్నడూ పెంచలేదు. "ఆయన మోకాలు మీరు చూశారా సార్? మెట్లెక్కలేక కిందే నిలబడి నాతో మాట్లాడాడు. ఆయనకి మూడుసార్లు ఫోను చేసింది నేను. నాలుగోసారి చెయ్యను. కావాలంటే మీరు చేసుకోండి" అని లేచి వచ్చేసింది.

ఆ సాయంత్రం వచ్చే నెల చార్టు వేసి పంపింది. ఎప్పటిలా కాదు. మామూలుగా అయితే చార్టులో చిల్లులన్నిటికీ ఎవరో ఒకరిని అతికేది. సెలవులో ఉన్నవాడిని బతిమాలి, నిద్రపోయేవాడిని లేపి, రెండు షిఫ్టులు వరసగా వేసి "అత్యవసరం" అని పక్కన చిన్నగా రాసేది. ఆ చిన్న అక్షరాలు ఎవరూ చదవరని ఆమెకు తెలుసు. ఈసారి అతకలేదు. పద్నాలుగో తారీఖు కింద అయిదు పేర్లు రాసి, ఆరో గడి ఖాళీగా వదిలేసింది. అయిదో జట్టు వరుసలో "భర్తీ ప్రక్రియలో ఉంది" అన్న మాట కొట్టేసి "లేరు" అని రాసింది.

పది నిమిషాల్లో ఫోను మోగింది.

"ఇదేంటమ్మా, గడి వదిలేశారు?"

"మనిషి లేడు సార్."

"ఎవరినో ఒకరిని డబుల్ వెయ్యండి."

"ఇరవై నాలుగు గంటలు ఆ చలి గొట్టం దగ్గర ఒకే మనిషిని నిలబెట్టమంటారా? మీరు సంతకం పెట్టండి, నేను వేస్తాను."

మేనేజరు సంతకం పెట్టలేదు. చార్టు మీద ఎప్పుడూ ఆమె సంతకమే ఉండేది. ఏదైనా జరిగితే జవాబు చెప్పాల్సింది ఎవరో ఆయనకూ ఆ రోజే గుర్తొచ్చినట్టుంది.

పద్నాలుగున ఓడ వచ్చింది. ఆఫీసు కిటికీలోంచి కనిపించేంత దూరంలో లంగరు వేసి నిలబడింది. పై ఆఫీసు నుంచి ఫోన్ల మీద ఫోన్లు. ఇంకో ఊరి టెర్మినల్ నుంచి ఒక ఆపరేటరును ఎరువు తెచ్చారు. అతను వచ్చేసరికి ముప్పై గంటలైంది. వచ్చినవాడికి ఇక్కడి వాల్వులు కొత్త, ప్రతిదీ పక్కవాడు చూపించాల్సి వచ్చింది. ఎరువుల సొమ్ము బరువుల చేటని అయిదుగురూ గొణుక్కున్నారు. ఏమైతేనేం, ఓడ క్షేమంగా ఖాళీ అయింది. జెట్టీ బాబాయ్ మోకాలు అనుకున్నట్టే పదమూడున కోసి బాగుచేశారు.

ఆమెను ఎవరూ మెచ్చుకోలేదు. తిట్టనూ లేదు. క్యాంటీన్‌లో మాత్రం ఇద్దరు ముగ్గురు, "మొగుడు వెళ్లిపోయాడనే కదా ఈ పట్టుదల, మనం అడిగినప్పుడు ఏమైంది?" అన్నారట. ఆ మాట ఆమెను ఓడకంటే ఎక్కువ కుదిపింది. ఎందుకంటే అందులో సగం నిజముంది.

*

నెలన్నర తర్వాత పన్నెండు మంది కొత్తవాళ్లను తీసుకోవడానికి అనుమతి వచ్చింది. చేతులు కాలాక ఆకులన్నట్టే అయినా, ఆకులంటూ వచ్చాయి. చార్టమ్మ రెండు రోజులు సంతోషంగా ఉంది. మూడో రోజు వాళ్ల పేర్లు చార్టులో ఎక్కించబోయి తల పట్టుకుంది. రెండేళ్ల దాకా ఆ పన్నెండు మందిని ఏ గడిలోనూ వేయడానికి వీల్లేదు. పైగా వాళ్లకు పని నేర్పడానికి ఉన్న అయిదుగురిలోంచే ఒకరిని పక్కకు తీయాలి. మనుషులు పెరిగారు, పనిచేసేవాళ్లు తగ్గారు.

జెట్టీ బాబాయ్ కర్ర పట్టుకుని చూడ్డానికి వచ్చాడు. మూడు నెలలు మెట్లెక్కొద్దన్నారట.

"బాబాయ్, కూర్చుని పాఠం చెప్పగలరా?"

"నోటికి ఆపరేషన్ చెయ్యలేదుగా తల్లీ."

ఆయనకు ఒక కుర్చీ, ఒక గది ఇప్పించడానికి ఆమెకు పదకొండు రోజులు, ఆరు ఉత్తరాలు పట్టింది. అనారోగ్య సెలవులో ఉన్నవాడు పాఠం చెప్పకూడదని ఒకరు, చెప్పొచ్చుగానీ కుర్చీ ఆ విభాగానిది కాదని ఒకరు. చివరికి కుర్చీ తన గదిలోంచే మోసుకెళ్లి వేసింది. వారం తిరిగేసరికి పన్నెండు మందిలో ఇద్దరు మానేశారు. వేరేచోట శిక్షణ ఇంకా తక్కువ కాలమట.

ఇంటి సంగతికొస్తే, మొదటి నాలుగు వారాలు భర్త కొత్త టెర్మినల్‌లో ఉండి, మాట ప్రకారం తిరిగి వచ్చాడు. రెండు రోజులు నిద్రపోయి లేచి, ఇల్లంతా తుడిచి, కూతురిని బడికి దింపి, పంపులు బాగుచేసి, మధ్యాహ్నానికల్లా పనిలేక ఆఫీసుకు ఫోను చేసేవాడు.

"ఎప్పుడొస్తావు?"

"ఇరవయ్యో తారీఖు ఓడకి మనిషి దొరికాక."

"ఇప్పుడు ఇంట్లో నేనున్నా, నువ్వు లేవు" అనేవాడు. నిజమే. ఆ నాలుగు వారాల్లో ఆమె చీకటి పడకముందు ఇంటికి చేరింది ఆరు రోజులే.

అతను రెండో దఫా వెళ్లాడు. ఈసారి ఆమె గట్టిగా అనుకుంది. అతను వచ్చే రోజుకు తనూ వారం సెలవు పెట్టాలి, ఎవరేమనుకున్నా సరే. తన పేరు చార్టులో ఎక్కడా ఉండదు కాబట్టి సెలవు అడగడం ఎలాగో కూడా మర్చిపోయింది. అడిగింది. మేనేజరు మొహం ముడుచుకున్నా ఇచ్చాడు. ముగ్గురూ కలిసి ఎటైనా వెళ్దామని కూతురు అప్పుడే సంచీ సర్దుకుంది. అత్తగారు, నన్నెవరూ పిలవలేదే అని అలిగి, తర్వాత తన సంచీ కూడా సర్దింది.

బయల్దేరాల్సిన రోజుకు ముందురోజు, ఆమె ఆఫీసులో బల్ల సర్దుకుంటుంటే భర్త ఫోను వచ్చింది. గొంతు వినగానే తెలిసిపోయింది.

"ఇంకో పది రోజులు ఉండమంటున్నారు. నా బదులు రావాల్సినవాడు ఇంకో టెర్మినల్‌కి వెళ్లిపోయాడట."

ఆమె ఉన్నట్టుండి అరిచింది. పక్క గదివాళ్లు తలుపు దగ్గరికి వచ్చి చూసేంత గట్టిగా అరిచింది.

"ఎవరండీ అక్కడ చార్టు వేసేది? ఫోను ఆయనకివ్వండి!"

"ఆయన కాదు, ఆవిడ" అన్నాడు భర్త నెమ్మదిగా. "పొద్దుట్నుంచీ తిండి కూడా తినలేదు. అందరికీ ఫోన్లు చేసి, ఈ ఒక్కసారికి అని బతిమాలుతోంది."

చార్టమ్మ తలుపు దగ్గర నిలబడ్డ వాళ్లను వెళ్లమని చెయ్యి ఊపింది.

"సరే" అంది చివరికి. "ఉండండి. కానీ పది రోజులంటే పది రోజులే. ఆ మాట కాగితం మీద రాయించుకోండి."

ఫోను పెట్టేసి, కూతురికి ఏం చెప్పాలా అని ఆలోచిస్తూ కూర్చుంది.